శుక్రవారం ఎపిసోడ్

ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసు. ఇంజనీరింగ్ పూర్తిచేసి, మెడలో కొత్త ఐడీ కార్డు వేలాడేసుకుని (ఆ కార్డులో ఫొటో చూస్తే నేను ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంటాను), గుంటూరు బ్రాడీపేటలో మొదటి ఉద్యోగంలో చేరిన ఆడపిల్లకి తెలియనిదంటూ ఏముంటుంది? తెలియకపోవడం అనేది తరవాత వచ్చింది. అదీ ఒక్కసారిగా కాదు, ఏడాదికి కాస్త చొప్పున, జుట్టు నెరిసినట్టు నెమ్మదిగా వచ్చింది. ఇప్పుడు నేను పెద్ద ఆసుపత్రుల కంప్యూటర్లలోని సమాచారం పోకుండా చూసే పనిలో ఉన్నాను. నా కింద పనిచేసే కుర్రవాళ్లు ఎవరైనా వచ్చి, చేతులు తిప్పుతూ, ఉపమానాలు చెబుతూ ధీమాగా ఏదైనా వివరిస్తుంటే నాకు నవ్వొస్తుంది. తమ ఉపమానం నచ్చి నవ్వుతున్నానని వాళ్లు అనుకుంటారు. పోనీలే అని ఊరుకుంటాను. ఉపమానాల వల్ల నాకు జరిగిన శాస్తి వాళ్లకి చెప్పలేదు. మీకు చెబుతాను.

నేను చేరింది మిరప విత్తనాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో. కింద స్కానింగ్ సెంటరు, ఎదురుగా కోచింగ్ సెంటరు, మేడ మీద మేము. సంస్థ యజమానురాలిని అందరూ పిన్నిగారు అనేవాళ్లు. విత్తనాల కోసం వచ్చే రైతులు, కొరియరు అబ్బాయి, ఆఖరికి బ్యాంకు మేనేజరు కూడా అదే పిలుపు. ఆవిడ చదివింది పదో తరగతి, నడిపేది అరవై మంది ఏజెంట్లున్న వ్యాపారం. మంగళవారం కొత్త పని మొదలుపెట్టేవారు కాదు, అమావాస్యనాడు సంతకం పెట్టేవారు కాదు. మిగతా అన్ని విషయాల్లోనూ ఆవిడ అంత ఆధునికురాలు ఆ వీధిలో మరొకరు లేరు. లేకపోతే ఒక ఆడపిల్ల వచ్చి, సర్వరు కొనాలి, దాంట్లో వర్చువల్ మిషన్లు పెట్టాలి, వాటికి రోజూ బ్యాకప్ తియ్యాలి అంటే ఎవరు ఒప్పుకుంటారు?

వర్చువల్ మిషన్లంటే ఏమిటో ఆవిడకి చెప్పాల్సి వచ్చినప్పుడు నా ప్రతిభ మొదటిసారి బయటపడింది. పిన్నిగారూ, బ్రాడీపేటలో మీ పాత ఇంట్లో మూడు వాటాలు అద్దెకిచ్చారు కదండీ, ఇల్లు ఒకటే, కాపురాలు మూడు, ఒకరి వంట ఒకరికి కనపడదు, ఇదీ అలాంటిదే, కంప్యూటరు ఒకటే, దాంట్లో మూడు కంప్యూటర్లు వేరువేరుగా కాపురం చేస్తాయి అన్నాను. ఆవిడ కరెంటు మీటరు ఒకటేనా అని అడిగారు. ఒకటేనండి అన్నాను. అయితే కొనెయ్యమన్నారు. ఒక వాటాలో జమాఖర్చులు, ఒక వాటాలో ఏజెంట్ల గొడవ, మూడో వాటాలో మాస్టారి మిరప. (సర్వరుకి ఏసీ గది కావాలన్నాను. ఏసీ గది ఒక్కటే ఉంది, అందులో మిరపకాయల శాంపిల్ సంచులున్నాయి. చల్లదనం ఇద్దరికీ మంచిదేగా అన్నారు పిన్నిగారు. అలా సర్వరూ మిరపకాయలూ ఒకే గదిలో ఉండేవి. నేను తుమ్మకుండా పాస్‌వర్డు కొట్టిన రోజు లేదు.)

మాస్టారు అంటే వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. పెన్షన్ వస్తుంది, హాయిగా పడక్కుర్చీలో కూచోవచ్చు. కానీ ఆయనకి ముడత మీద పగ. మిరప వేసిన ఏ ఇంట్లోనైనా ముడత అనే మాట అంటే చాలు, ముద్ద గొంతు దిగదు. పూత మీదున్న చేను, నిన్నటి దాకా కళకళలాడిన చేను, ఆకులు ముడుచుకుని కుదించుకుపోతుంది. మందుల కొట్టు వాడు తప్ప ఎవరూ బాగుపడరు. ముడతకి లొంగని మిరపని తయారుచెయ్యాలని ఆయన ఏళ్ల తరబడి ఒక మొక్కని ఇంకో మొక్కతో కలుపుతూ, దర్శి దగ్గర కౌలుకి తీసుకున్న పొలంలో వరసలు వరసలుగా పెంచుతున్నారు. ప్రతి వరసకీ ఒక నంబరు. ఏ వరసకి ఎప్పుడు ముడత తగిలింది, ఎంత తగిలింది, ఏది తట్టుకుంది అన్నది వారంలో సగం రోజులు అక్కడే ఉండి చూసి కంప్యూటర్లోకి ఎక్కించేవారు. ఎడమ కంటికి శుక్లం ముదిరిపోయింది. ఆపరేషన్ చేయించుకోండి మాస్టారూ అంటే, ఈ పంట చూసి చేయించుకుంటా అనేవారు. ఈ పంట అనేది అప్పటికి మూడోసారి అనడం అని పిన్నిగారు చెప్పారు. తట్టుకున్న వరసలేవో తేలితే, ఆ కాయలు విడిగా కోసి, వాటి గింజలు వచ్చే ఏడాదికి దాచాలి. తేలకపోతే ఆ ఏడాదంతా దండగ.

ఇక బ్యాకప్ సంగతి. సర్వరు ఏమైనా అయితే ఎలాగని, ఒక కాపీ ఒంగోలు బ్రాంచిలో పెట్టాలని నా ఏర్పాటు. అక్కడ పిన్నిగారి మరిది ఉండేవారు, ఆయన్ని మేమంతా ఒంగోలు బాబాయి అనేవాళ్లం. మా ఇంటర్నెట్ లైను ఎంత గొప్పదంటే, ఎదురు కోచింగ్ సెంటరులో ర్యాంకులు వచ్చిన రోజు మాకు మెయిల్ వచ్చేది కాదు. అందుకని నెలకోసారి మొత్తం కాపీ తీసి, మిగతా రోజుల్లో ఆ రోజు మారినంత వరకే తీసి, దాన్ని చిన్న హార్డ్ డిస్కులో వేసి, మధ్యాహ్నం విత్తనాల ప్యాకెట్లు తీసుకుని ఒంగోలు వెళ్లే మా వ్యానులో పంపించేదాన్ని. బాబాయి దాన్ని అక్కడి కంప్యూటర్లోకి ఎక్కించి, డిస్కు తిరిగి పంపేవారు. మర్నాడు పొద్దున వ్యానులో అది నా బల్ల మీదికి వచ్చేది. నేను దాన్ని శుభ్రంగా తుడిచేసి ఆ రోజుది ఎక్కించేదాన్ని. ఈ తుడిచేసి అన్న మాట దగ్గర ఆసుపత్రి కుర్రవాళ్లయితే ఇప్పుడే నన్ను ఆపేవారు. అప్పుడు ఆపేవాళ్లు లేరు.

రోజూ మొత్తం పంపకుండా మారినంతవరకే పంపడమేమిటని పిన్నిగారు అడిగారు. అక్కడ నా నాలుక మీద సరస్వతి నాట్యం చేసింది. సీరియల్ లాంటిదండీ అన్నాను. మొదటి రోజు ఎవరు ఎవరి కోడలో అంతా చూపిస్తారు, తరవాత రోజూ కథ మొదటి నుంచి చెప్పరు కదా, ఆ రోజు జరిగింది మాత్రమే చూపిస్తారు, అన్నీ వరసగా కలిపితే మొత్తం కథ వస్తుంది, ఇదీ అంతే అన్నాను. పిన్నిగారి మొహం విచ్చుకుంది. ఇంత చిన్న విషయానికా ఇన్ని ఇంగ్లీషు మాటలు అన్నారు. నాకు ఎంత గర్వమేసిందంటే, ఆ సాయంత్రం హాస్టల్లో నా రూమ్మేటుకి కూడా చెప్పి, ఆ పిల్ల అడగకపోయినా ఇంకోసారి చెప్పాను.

ఏర్పాటు చక్కగా సాగిపోయింది. ప్రతి శనివారం పొద్దున డిస్కు మీద చిన్న కుంకుమ బొట్టు కనిపించేది. నేను పెట్టిన పద్ధతికి సంస్థలో ఎంత గౌరవం వచ్చిందో చూడండి, దేవుడి పటంతో సమానంగా చూస్తున్నారు అనుకుని, ఆ బొట్టు చెరిగిపోకుండా జాగ్రత్తగా వైరు పెట్టేదాన్ని. లోపలున్నది మాత్రం మామూలుగానే తుడిచేసేదాన్ని. కాపీలు తీస్తే సరిపోదు, అప్పుడప్పుడు వెనక్కి తెచ్చి చూసుకోవాలి అని మా పుస్తకాల్లో రాసే ఉంది. కూర వండాక ఉప్పు చూడమని ఎవరికైనా చెప్పాలా? నాకు చెప్పాల్సింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు చలితోపాటు మా సర్వరు కూడా పోయింది. కొత్త పంట శాంపిళ్లు వచ్చి ఏసీ గది నిండిపోయింది. సంచుల మీది కారం ధూళి సర్వరు ఫ్యాన్లలోకి చేరి, ఫ్యాన్లు ఆగి, లోపల వేడెక్కి, డిస్కులతో సహా మాడిపోయింది. బాగుచెయ్యడానికి వచ్చిన అతను మూత తీసి లోపలికి చూసి, తుమ్మి, మళ్లీ చూసి, ఇలాంటిది నేను చూళ్లేదు మేడమ్, దీంట్లో కూర వండొచ్చు అన్నాడు. అందరూ దిగులుగా ఉన్నారు, నేను మాత్రం లోలోపల సంతోషించానని చెప్పాలి. అగ్నిమాపక కేంద్రంలో కొత్తగా చేరిన వాడికి మంట కనపడినట్టు. ఏం పర్లేదండీ, ఒంగోల్లో అంతా ఉంది, సాయంత్రానికల్లా తెచ్చేస్తా అని మాస్టారికి మాట ఇచ్చి వ్యానెక్కాను. పొలంలో కోతలు ఇంకో నాలుగైదు రోజుల్లో మొదలవుతాయి, ఏ కాయలు విడిగా కొయ్యాలో ఆలోపు తేలాలమ్మాయ్ అని ఆయన మెట్ల దాకా వచ్చి చెప్పారు.

ఒంగోల్లో బాబాయి నాకు మజ్జిగ ఇప్పించి, ఫ్యాను నా వైపు తిప్పి, తను పేపరు చదువుకుంటూ కూచున్నారు. నెల మొదటి రోజు తీసిన మొత్తం కాపీ ఉంది. దాని మీద ఒక్కొక్క రోజుదీ పేర్చుకుంటూ రమ్మని కంప్యూటరుకి చెప్పాను. నాలుగైదు రోజులు పేర్చి అది ఆగిపోయింది. ముందరి ముక్క కనపడటంలేదు, ఇక ముందుకి పోలేను అంది. ఇంకోసారి చెప్పాను, ఇంకోసారి అదే అంది. అప్పుడు తేదీలు చూశాను. ఆ నెలలో ఒక్క శుక్రవారం కూడా లేదు. గురువారం ఉంది, శనివారం ఉంది, శుక్రవారాలన్నీ పళ్లు ఊడిన చోట్లలా ఖాళీగా ఉన్నాయి. బాబాయ్ గారూ, శుక్రవారం డిస్కు రాలేదా అంటే, ఆయన పేపరు దించకుండానే, శుక్రవారం వదిన ఏదీ పంపదు కదమ్మా అన్నారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు కదమ్మా అన్నట్టు అన్నారు.

పిన్నిగారికి ఫోన్ చేశాను. శుక్రవారం డిస్కు వ్యానులో వెళ్లలేదాండి అని అడిగితే ఆవిడకి నా ప్రశ్నే వింతగా తోచింది.

"శుక్రవారం పూట లక్ష్మిని బయటికి ఎట్టా పంపిస్తాం అమ్మలూ? వ్యానులోంచి తీసి, దేవుడి దగ్గర పెట్టి, బొట్టు పెట్టి, శనివారం పొద్దున్నే నీ బల్ల మీద పెట్టానుగా. అందులో మన యాపారం అంతా ఉంటదని నువ్వే అంటివి."

ఒక్క రోజుది లేకపోయినా ఆ తరవాతవన్నీ పనికిరావండీ, శనివారందానికి శుక్రవారంది ఆధారం, మొదటి శుక్రవారం నుంచి ఇవాళ్టి దాకా అంతా పోయింది అని చెప్పాను.

"నువ్వే గదమ్మా సీరియల్లాంటిదన్నావు," అన్నారు పిన్నిగారు. గొంతులో కోపం లేదు, నిజంగా అర్థంకాని బాధ ఉంది. "ఇన్నేళ్ల నుంచి సీరియళ్లు చూస్తన్నాను. ఒక్క శుక్రవారం చూడకపోతే ఏ కథయినా ఆగిద్దా? సోమవారం చూసినా ఆ కోడలు ఆ మెట్ల మీదే నిలబడి ఉంటది."

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. నేను హాస్టల్లో ఉండి టీవీ చూడటం మానేసినదాన్ని, ఆవిడ ఆ విద్యలో పండిపోయిన మనిషి. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పానని నెలంతా మురిసిపోయాను. అర్థమైంది కూడా. కాకపోతే నాకంటే ఎక్కువ అర్థమైంది.

జమాఖర్చులూ ఏజెంట్లవీ పెద్ద నష్టం కాలేదు, అవి ఫోన్లు చేసి మళ్లీ రాబట్టుకోవచ్చు. పోయినది మాస్టారిది. పొలం మీదికి ముడత దిగిన వారాలు సరిగ్గా అవే. మర్నాడు పొద్దున ఆయన ముందు నిలబడి జరిగింది చెప్పాను. కేకలేస్తారనుకున్నాను, వేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఏ గురువారం దాకా ఉందమ్మాయ్ అని అడిగారు. చెప్పాను. అప్పటికి చేనంతా పచ్చగా ఉంది, అప్పుడు అన్నీ మంచివే అన్నారు. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది, పిన్నిగారూ కళ్లొత్తుకున్నారు. (శాంపిళ్ల గది తలుపు తీసి ఉంది కాబట్టి ఎవరు దేనికి ఏడుస్తున్నారో చెప్పడం కష్టం.) కోతలు రెండు రోజులు ఆపమని పొలం రైతుని అడిగితే, కూలీలు పక్కూళ్ల నుంచి ఆటోల్లో రావడానికి మాటయిపోయింది, ఇప్పుడు వద్దంటే మళ్లీ దొరకరు, సోమవారం కోయాల్సిందే అన్నాడు. ఆయన తప్పేం లేదు, చెట్టు మీద కాయ ఎదురుచూడదు. కోత పడితే అన్ని వరసల కాయా ఒకే పట్టా మీద కుప్పపడుతుంది.

అప్పుడు మాస్టారు ఒక మాట అన్నారు. కంప్యూటర్లో పోయింది గానీ చేలో పోలేదుగా, మళ్లీ చూద్దాం అన్నారు. ఎప్పుడు తగిలిందో ఇక తెలియదు, ఎవరు నిలబడ్డారో తెలుస్తుంది, గింజకి అది చాలు. అన్ని వరసలా మాస్టారూ అన్నాను. అన్నీ అన్నారు. ఒంటి కంటితో ఆయన ఒక్కరూ చూడలేరు. కాబట్టి మర్నాడు మా వ్యానులో దర్శి వెళ్లిన దండు ఇదీ: మాస్టారు, నేను, తెల్లటి వాకింగ్ బూట్లతో, పట్టుచీరతో పిన్నిగారు (ఎందుకండీ అంటే, పొలానికి వెళ్తూ నలిగిన చీర కట్టుకుంటామా అన్నారు), ఒంగోలు నుంచి లాప్‌టాప్‌ని తువ్వాల్లో చుట్టుకుని పసిబిడ్డలా ఎత్తుకొచ్చిన బాబాయి. మాస్టారు ఒక్కో వరస మొదట్లో ఆగి ఆకు తిప్పి చూసి చెప్పేవారు. పైకి దోనెలా ముడుచుకుంటే పై ముడత, కిందికి వంగిపోతే కింది ముడత. నేను లాప్‌టాప్‌లో కొట్టుకునేదాన్ని. తెగులు తగిలిన వరసకి పిన్నిగారు ఎర్ర రిబ్బను కట్టేవారు. మధ్యాహ్నానికి ఆవిడ కూడా ఆకుల్ని చూసి, ఇది పోయింది మాస్టారూ, ఇదీ పోయింది అని ముందే చెప్పడం మొదలుపెట్టారు. సగం తప్పు చెప్పేవారు, కానీ ఎంత ధీమాగా చెప్పేవారంటే నాకు ఆవిడ మీద సొంత అక్కంత ప్రేమ కలిగింది.

ఆ రోజు శుక్రవారం. సాయంత్రం అయ్యేసరికి నేను డిస్కు సంచిలోంచి తీసి, మళ్లీ సంచిలోనే పెట్టాను. అప్పటిదాకా కొట్టుకున్నదంతా ఆ లాప్‌టాప్‌లోనే ఉంది, ఒక కాపీ డిస్కులో వేసి ఒంగోలు పంపాలి. ఎలా అడగను? పిన్నిగారే డిస్కు అడిగి తీసుకుని, బొట్టు పెట్టుకునే చిన్న భరిణ తీసి దానికి బొట్టు పెట్టి, మోటారు షెడ్డు అరుగు మీద పెట్టి, అటు తిరిగి నిలబడ్డారు. బాబాయికి అర్థంకాలేదు. ఏంటి వదినా అన్నారు.

"మనం ఇవ్వకూడదు అబ్బాయ్. అడక్కుండా నువ్వు తీసుకుపోతే నేనేం చేస్తాను? ఇయ్యటం వేరు, పోవటం వేరు. తొందరగా పట్టకపో, నేను చూడట్లా."

బాబాయి దొంగలా తీసుకుపోయారు. నేను ఆ తరవాత చాలా పెద్ద పెద్ద సంస్థల్లో నిబంధనలు రాసేవాళ్లతో పనిచేశాను. ఒక నిబంధనని మీరకుండా ఇంత మర్యాదగా దాటడం ఎవరిదగ్గరా చూళ్లేదు.

రెండో రోజు ఎండ నెత్తి మీదికి వచ్చిన వేళ, రిబ్బన్లు అయిపోయి పిన్నిగారు గొడుగు వేసుకుని చివరి గట్టు వైపు వెళ్లారు. అక్కడ ఒక వరస ఉంది, మిగతా వాటిలో సగం ఎత్తు కూడా లేదు, గిడసబారిపోయి గట్టు కింద దాక్కున్నట్టు ఉంది. దీన్ని చూళ్లేదే మాస్టారూ అని అక్కడినుంచే కేకేశారు. దాన్ని ఎప్పుడో లెక్కలోంచి కొట్టేశానమ్మా, ఎదగలేదని అని మాస్టారు చెప్పి ముందుకి నడిచారు. నేను స్క్రీను చూశాను. ఆ వరస కొట్టేసి లేదు. మిగతా వాటితోపాటు చూడాల్సిన వరసల్లోనే ఉంది. ఆ మాట చెబితే ఆయన విసుక్కుంటూ గట్టు దాకా వచ్చారు. వంగి ఒక ఆకు తిప్పారు. ఇంకో ఆకు తిప్పారు. తరవాత ఆ మట్టిలోనే చతికిలబడి కూచుని, ఎడమ కన్ను మూసుకుని, మొక్క మొక్కనీ కింది నుంచి పైదాకా చూశారు. ఆకులన్నీ చాపినట్టు తిన్నగా ఉన్నాయి. అటూ ఇటూ వరసల్లో ఎర్ర రిబ్బన్లు గాలికి ఊగుతున్నాయి.

"దీన్ని నేను ఎప్పుడు కొట్టేశానమ్మాయ్?" అన్నారు.

"ఆ సంగతి పోయినదాంట్లో ఉందండి," అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి దగ్గొచ్చేదాకా నవ్వారు. పిన్నిగారు కంగారుపడి గొడుగు ఆయన మీద పట్టారు. నా ఏర్పాటు పుస్తకంలో ఉన్నట్టు సక్రమంగా పనిచేసి ఉంటే, ఆయన కొట్టేసిన వరస కొట్టేసినట్టే వెనక్కి వచ్చేది, ఆ గట్టు దాకా ఎవరూ వెళ్లేవారు కాదు, సోమవారం ఆ కాయ కూడా కుప్పలో కలిసిపోయేది. (ఇది నా సమర్థత కిందికి వస్తుందా అని అడిగితే, రాదమ్మా అన్నారు పిన్నిగారు.) అదేదో లోకాన్ని ఉద్ధరించిన మిరప అని చెప్పను. కాయ పొట్టి, రంగు ఒక మాదిరి, అలాగే అమ్మితే కొనేవాడు లేడు. కానీ ఆ తట్టుకునే గుణాన్ని మాస్టారు తరవాతి ఏళ్లలో మంచి కాయ ఉన్న రకంలోకి తెచ్చారు. ఇప్పుడు దర్శి చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో దాని మనవలూ మనవరాళ్లూ పండుతున్నాయి. ముడత వచ్చిన ఏడు కూడా ఆ చేల వాళ్లు అన్నం తింటున్నారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో మాస్టారు నా పక్కన కూచున్నారు. మొదట మొత్తం ఒకసారి, తరవాత రోజూ మారినంతవరకే, మధ్యలో ఒక్క రోజు కూడా పోకూడదు, అంతేనా నీ పద్ధతి అని అడిగారు. అంతేనండి అన్నాను. ఆ పద్ధతిని ఒక్క మాట తేడా లేకుండా అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆయనే, అదీ ఉపమానం లేకుండా.

"నా బుర్రలో ఉన్నది మొత్తం ఒకేసారి చెప్పే ఓపిక నాకు లేదు, వినే ఓపిక నీకు లేదు. రోజూ సాయంత్రం వ్యాను పోయాక ఒక గంట రా. ఆ రోజు ఆకుల్లో ఏం మారిందో అంతవరకే చెబుతా," అన్నారు.

వెళ్లాను. మాస్టారు కంటి ఆపరేషన్ అయ్యాక నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఎవరో సినిమా నటుడిలా కుర్చీలో కూచుని, ముందు పళ్లెంలో ఆ రోజు తెప్పించిన ఆకులు పరిచి చెప్పేవారు. పురుగు ఏ వేపున కూచుంటుంది, మబ్బు పట్టిన మర్నాడు ఆకు రంగు ఎలా మారుతుంది, ఏ ముడతకి మందు కొట్టాలి, దేనికి కొడితే డబ్బు దండగ. నాకు బాగానే పట్టుబడింది. అయితే అప్పుడప్పుడు ఎగ్గొట్టాను. ఎగ్గొట్టినవి ముప్పాతిక మువ్వీసం శుక్రవారాలే. కొత్త సినిమాలన్నీ శుక్రవారమే విడుదలైతే నేనేం చేసేది? ఆయనేమో అడిగేవారు కాదు, మర్నాడు ఎక్కడ ఆపారో అక్కణ్నుంచి చెప్పుకుపోయేవారు. తరవాత నాకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. నాకు వచ్చిన పాఠాలు కొన్ని, నాకు తెలియకుండా జారిపోయినవి కొన్ని, అలాగే వెళ్లిపోయాను.

మొన్న, దర్శి దగ్గర మిరప వేసిన మా పిన్నత్త కొడుకు ఫోనులో మిరపాకు ఫొటో పంపాడు. ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ముడిచింది, మధ్యలో పసుపు. వదినా, నువ్వు మాస్టారి దగ్గర నేర్చుకున్నావుగా, ఇదేంటో చెప్పు అన్నాడు. పై ముడత తెలుసు, కింది ముడత తెలుసు. రెండూ కలిసిన రోజు నేను పాఠానికి వెళ్లలేదు. సిగ్గు విడిచి మాస్టారికి ఫోన్ చేశాను. ఇప్పుడు ఆయనకి రెండు కళ్లూ దివ్యంగా ఉన్నాయి, చెవులే కాస్త మందగించాయి. విషయం గట్టిగా చెప్పి, ఆ రోజు నేను రాలేదు మాస్టారూ, అప్పుడు మీరు ఏం చెప్పారు అని అడిగాను.

"ఏం చెప్పానో నాకూ గుర్తులేదమ్మాయ్. దానికేముంది, చేలో చెట్టు ఉందిగా. ఆదివారం రా, ఇద్దరం కూచుని మళ్లీ చూద్దాం."

ఇరవై రెండేళ్ల నేనైతే, ఒక్క ఆకు కోసం దర్శి దాకా ఎందుకండీ, ఇంకో నాలుగు ఫొటోలు తెప్పిస్తాను అనేదాన్ని. ఆ పిల్ల మీద నాకిప్పుడు కోపం లేదు, ఆ ధీమా చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ఆదివారం పొద్దున బస్సుకి వస్తానని మాస్టారికి చెప్పేశాను. ఈసారి వినేటప్పుడు మధ్యలో మాట్లాడకూడదని కూడా అనుకున్నాను.